క్లచ్ వదలగానే ‘ధడ్’: ఇంజన్ మౌంటింగ్ వదులైందేమో ఇంట్లోనే చూసుకోవడం ఎలా

మీరు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, నాకు సరిగ్గానే అర్థమైందో లేదో చూడండి. బండి 2014 వ్యాగన్ ఆర్, ఒక లీటరు పెట్రోల్ ఇంజన్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులుతుంటే కింద నుంచి ‘ధడ్’మని ఒక దెబ్బ. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కిస్తుంటే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతోంది, గేర్ రాడ్డు చేతిలో అదురుతోంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే స్టీరింగు, డ్యాష్‌బోర్డు వణుకుతున్నాయి. ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ పోయిందని ఒకరు, సస్పెన్షన్ అని ఇంకొకరు చెప్పారు. బోల్టు వదులైతే ఇంట్లోనే బిగించుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. అన్నీ రాశాక చివర్లో, అంత ముఖ్యం కాదన్నట్టు, ‘మూడు నెలల కింద క్లచ్ ప్లేట్ మార్పించాను’ అని ఒక్క ముక్క పెట్టారు.

నాకు ముందు కనబడింది ఆ ఒక్క ముక్కే.

బిగించుకోవచ్చు. చేతికి కాస్త పని అలవాటున్నవాళ్లు ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోయే పని. కానీ వదులైన బోల్టు కనబడగానే పానా పెట్టి బిగించేస్తే మాత్రం రెండు నెలల్లో మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు. మౌంటింగ్ బోల్టు ఊరికే వదులవ్వదు. ఎవరో సరిగ్గా బిగించి ఉండరు, లేదా రబ్బరు పోయి ఇంజన్ కొట్టే దెబ్బలన్నీ బోల్టు మీద పడుతూ ఉంటాయి. మీ విషయంలో నా అనుమానం మొదటిదాని మీద. ఎందుకో చెప్తాను.

క్లచ్ ప్లేట్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది దిగాలంటే దాన్ని మోసే మౌంటింగులు విప్పాలి. దించడం సులువు, ఎక్కించడమే కష్టం. ఎక్కించేటప్పుడు ఇంజన్ జాకీ మీద కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. రంధ్రానికి రంధ్రం కలవదు. గునపంతో ఒక తోపు తోసి, బోల్టు దూర్చి, రంధ్రం మళ్లీ ఎక్కడ పక్కకి పోతుందోనని అక్కడికక్కడే బిగించేస్తారు. అప్పటికి సాయంత్రం ఏడవుతుంది, బండాయన గేటు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. జాకీ తీసేశాక ఇంజన్ తన చోటికి తాను రావాలని చూస్తుంది, బిగించిన బోల్టు రానివ్వదు. అప్పటినుంచి ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. ఇది నేనేదో ఇతరుల మీద చెప్పేది కాదు, షెడ్డులో 22 ఏళ్లు పనిచేశాను, మొదటి నాలుగైదేళ్లు నేనూ ఇలాగే ఎక్కించాను.

మీ బండిలో ఇంజన్‌ని ప్రధానంగా పట్టుకునేవి మూడు మౌంటింగులు. పాత మేస్త్రీలు ఫౌండేషన్ అంటారు, షాపులో ఏ పేరు చెప్పినా ఇస్తారు. కుడివైపు బెల్టు ఉండే పక్కన ఒకటి, ఎడమవైపు గేర్‌బాక్స్ మీద ఒకటి, వెనక కింద అడ్డ ఛాసిస్‌కి ఒకటి. కుడి ఎడమలు డ్రైవర్ సీట్లో కూర్చుని చూసిన లెక్క. బానెట్ ముందు నిలబడి చూస్తే తారుమారవుతాయి, ఆ పొరపాటుతో ఎడమది పోతే కుడిది కొనుక్కొచ్చినవాళ్లు నాకు బాగా తెలుసు. పక్కల ఉన్న రెండూ బరువు మోస్తాయి. వెనకది పెద్దగా బరువు మోయదు, ఇంజన్ మెలి తిరగకుండా ఆపడం దాని పని. చక్రాల్ని ఒక వైపు తిప్పుతున్నంతసేపూ ఇంజన్ తాను రెండో వైపు తిరగాలని చూస్తుంది కదా, ఆ తిరుగుడుని ఆపేది వెనకదే. ఫస్ట్‌లో ఒక వైపు, రివర్స్‌లో దానికి ఎదురు వైపు. ఈ రెండు గేర్లలోనే చక్రాల మీద బలం ఎక్కువ, అందుకే చప్పుడు కూడా ఆ రెండింట్లోనే ఎక్కువ. రివర్స్‌లో ర్యాంపు ఎక్కించడమంటే మౌంటింగ్‌కి పరీక్ష పెట్టడమే. మీకు తెలియకుండానే రోజూ ఆ పరీక్ష పెడుతున్నారు.

అయినా ఇంకా బానెట్ ఎత్తకండి. మీరు చెప్పిన రెండో లక్షణం, సిగ్నల్ దగ్గర వణుకు, అది మౌంటింగ్‌దే అని అప్పుడే అనలేం. మీది మూడు సిలిండర్ల ఇంజన్. మూడు సిలిండర్ల ఇంజన్ కొత్తగా ఉన్నప్పుడు కూడా ఐడ్లింగ్‌లో కాస్త ఊగుతుంది, అది దాని పుట్టుక. అలా ఊగడం వేరు, ‘మిస్సింగ్’ వేరు. ఇంజన్ నిమిషానికి 800 తిరుగుతుంటే మూడు సిలిండర్లూ కలిపి సెకనుకి 20 సార్లు మండుతాయి. ఆ 20 పోట్లు చేతికి సన్నటి జలదరింపులా తెలుస్తాయి. అందులో ఒక సిలిండర్ మండకపోతే ఆ లోటు సెకనుకి ఆరేడుసార్లు తగులుతుంది. అది జలదరింపులా ఉండదు, గుడుక్ గుడుక్‌మని కుదిపినట్టు ఉంటుంది. సైలెన్సర్ దగ్గర అరచేయి కాస్త దూరంగా పెడితే గాలి కూడా తడబడుతూ తగులుతుంది. అలా ఉంటే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూపించుకోండి. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే పెట్టించండి, పి0301, పి0302, పి0303 కోడ్‌లలో ఏది వచ్చినా ఫలానా సిలిండర్ మిస్ అవుతోందని అర్థం. ప్లగ్గుతో పోయేదానికి మౌంటింగులు మార్చి, వణుకు తగ్గలేదని మళ్లీ షెడ్డుకొచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకో చిన్న తేడా. బండి ఆగి ఉన్నప్పుడు వణికి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఇంజన్‌ని నిమిషానికి 1500 తిరిగేలా చేస్తే సర్దుకుంటే అనుమానం ఇంజన్ మీద, మౌంటింగ్ మీద. బండి ఆగితే ఏమీ లేకుండా 80 కిలోమీటర్ల వేగం దాటాక మొదలైతే అది టైర్ల బ్యాలెన్సింగ్, లేదా డ్రైవ్ షాఫ్ట్. గుంతలో పడినప్పుడు మాత్రమే ‘ధడ్’ అంటే సస్పెన్షన్. మీకు నున్నటి రోడ్డు మీద, క్లచ్ వదిలిన క్షణానే వస్తోంది. సస్పెన్షన్ అన్నాయన మాటని ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు, పూర్తిగా కొట్టిపారేయొద్దు. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ బాగా పోతే బ్రేక్ వేసినప్పుడు, బండి కదిలినప్పుడు ఇలాంటి చప్పుడే చేస్తుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. ఇంజన్ చల్లగా ఉండాలి, అంటే రాత్రంతా నిలబడిన బండి. కావాల్సింది మంచి టార్చి, ఒక గుడ్డ. పానా వద్దు. మొదటిరోజు పానా ముట్టుకోకపోతేనే మంచిది, ఎందుకంటే బోల్టు చుట్టూ ఉన్న సాక్ష్యం ఒకసారి బిగించామంటే చెరిగిపోతుంది.

ముందు ఎడమవైపు, గేర్‌బాక్స్ మీద ఉన్న మౌంటింగ్ చూడండి. దాని పైన వైర్లూ పైపులూ అడ్డముంటాయి, అవసరమైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయండి. ప్రతి బోల్టు తల చుట్టూ టార్చి వేసి చూడండి. బిగువుగా ఉన్న బోల్టు చుట్టూ దుమ్ము, జిడ్డు ఒకే పొరగా అతుక్కుని ఉంటుంది. కదులుతున్న బోల్టు చుట్టూ ఆ పొర తెగి, సన్నటి మెరుపు గీత ఉంగరంలా కనబడుతుంది. ఇంకొంచెం ముదిరితే బోల్టు తల కింద నుంచి పసుపు కుంకుమ కలిపినట్టున్న ఎర్రటి పొడి రాలుతుంది. ఇనుము ఇనుముతో రాసుకుని అరిగి తుప్పుపట్టిన పొడి అది. వేలు తడిపి అద్ది చూడండి, మామూలు దుమ్ము బూడిద రంగులో అంటుకుంటుంది, ఇది ఇటుక రంగులో అంటుకుంటుంది. ఆ పొడి కనబడితే నాకు ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

తర్వాత రబ్బరు. చిన్న చిన్న పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా పైపైన ఉంటే కంగారు పడకండి, పదేళ్ల రబ్బరు అంతే ఉంటుంది. చూడాల్సింది రబ్బరు ఇనుముకి అతికిన అంచు. అక్కడ గోరు దూరేంత సందు ఉంటే ఆ మౌంటింగ్ పని అయిపోయినట్టే. రబ్బరు మెత్తగా, ఉబ్బి, నల్లగా చేతికి అంటుతుంటే పైనెక్కడో ఆయిల్ కారుతోంది. ఇంజన్ ఆయిల్ మామూలు రబ్బరుని ఉబ్బించి తినేస్తుంది. ఆ లీకు ఆపకుండా మౌంటింగ్ మారిస్తే కొత్తది కూడా అలాగే పోతుంది. కొన్ని పెద్ద కార్లలో మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది, అది పగిలితే కింద నల్లటి మరక కారి ఉంటుంది. వాటిని బాగుచేయడమంటూ లేదు, మార్చడమే.

వెనక మౌంటింగ్ పైనుంచి సరిగ్గా కనబడదు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఫ్లాష్ వేసి, చేయి కిందికి దించి తీయండి. నా రోజుల్లో చేతి అద్దం వాడేవాళ్లం, ఇప్పుడు మా కుర్రాళ్లు ఇదే చేస్తున్నారు, అద్దం కన్నా బాగుంది.

ఇక కదిలించి చూసే పరీక్ష. దీనికి ఇంకొకరు కావాలి, క్లచ్ మీద నమ్మకంగా కాలు పెట్టగలిగినవాళ్లే కావాలి. మీ సెల్లార్‌లో మాత్రం చేయొద్దు. గాలి ఆడని చోట ఇంజన్ అంతసేపు నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. ర్యాంపు మీద అసలే వద్దు. సమంగా ఉన్న, బయటి చోటు చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లో చెక్కలో పెట్టండి. మీరు నిలబడాల్సింది ఫెండర్ పక్కన. బండికి ముందు నిలబడొద్దు, గోడకీ బండికీ మధ్య అంతకన్నా వద్దు. క్లచ్ మీద కాలు జారితే బండి గెంతుతుంది, అప్పుడు తప్పుకునే సమయం ఉండదు.

లోపల ఉన్నవాళ్లు కుడికాలు బ్రేక్ మీద గట్టిగా ఉంచి, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదులుతూ ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కే చోట ఆపాలి. హాఫ్ క్లచ్ అంటామే, అదే. ఒక సెకను ఉంచి మళ్లీ నొక్కేయాలి. తర్వాత రివర్స్‌లో అలాగే. మూడు నాలుగుసార్లకి మించి వద్దు, కొత్త క్లచ్ ప్లేట్ పాపం. మీరు ఇంజన్ పై భాగాన్ని చూస్తూ ఉండండి. బాగున్న బండిలో కూడా అది కాస్త ఒరుగుతుంది, వేలి వెడల్పంత. అంగుళం దాటి లేచి, క్లచ్ నొక్కగానే ‘ధడ్’మని కూర్చుంటే మౌంటింగే. ఏ వైపు లేస్తోందో గుర్తు పెట్టుకోండి. ముందుకీ వెనక్కీ ఊగితే వెనకది. గేర్‌బాక్స్ చివర పైకీ కిందికీ ఎగిరితే ఎడమది. చప్పుడు ఎక్కడిదో చెవికి తేలకపోతే ఇంజన్ ఆపేశాక, చల్లారాక, ఇంజన్ తలని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపండి. ఆ ఊపుకే ‘టక్ టక్’ అని వినబడే బండ్లు చూశాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కిందటి మాట. ఒక మాస్టారి చిన్న కారు, అచ్చం మీరు చెప్పిన లక్షణాలే. చూడగానే మౌంటింగ్ అన్నాను, రెండు కొత్తవి వేశాను. బయటికి తీసి క్లచ్ వదిలితే ‘ధడ్’. తీరా చూస్తే సైలెన్సర్ పైపుని వేలాడదీసే రబ్బరు రింగు తెగి, ఇంజన్ ఊగినప్పుడల్లా పైపు వెళ్లి ఛాసిస్‌కి కొట్టుకుంటోంది. మాస్టారు కోప్పడలేదు. ‘మరి పాతవి మళ్లీ పెట్టేస్తావా అబ్బాయ్?’ అని మాత్రం అడిగారు. ఆ రోజునుంచి మౌంటింగ్ అనుమానం వచ్చిన ప్రతి బండి కిందా ముందు సైలెన్సర్ పట్టుకుని ఊపుతాను. మీరూ ఊపండి, చల్లగా ఉన్నప్పుడు.

సరే, బోల్టు వదులుగానే ఉంది, రబ్బరు బాగానే ఉంది అని తేలిందనుకుందాం. మీ బండిలో అదే తేలుతుందని నా అంచనా. సామాను చెప్తాను: జాకీ ఒకటి, జాకీ స్టాండ్లు రెండు, అరచేతి మందం చెక్క ముక్క, 14, 17 సాకెట్లు, పొడుగు రాడ్డు, ఇనుప బ్రష్షు, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు మర వదులవ్వకుండా పట్టే జిగురు) చిన్న సీసా, వీలైతే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి. జపాన్ పద్ధతి బండ్లలో ఎం10 బోల్టుకి 14 తల, ఎం12కి 17 తల ఉంటుంది. అందుకే ఆ రెండు సైజులు.

మొదటి పని బ్యాటరీ నెగెటివ్ తీసేయడం. తర్వాత జాకీ. ఏ మౌంటింగ్ విప్పుతున్నారో ఆ వైపు ఇంజన్ కింద లేదా గేర్‌బాక్స్ కింద చెక్క పెట్టి, దాని మీద జాకీ ఆనించండి. చెక్క లేకుండా జాకీ తల నేరుగా ఆయిల్ చాంబర్‌కి తగిలిస్తే సొట్ట పడుతుంది, పగిలితే ఖర్చు ఎక్కడికో పోతుంది. ఇంజన్‌ని పైకి లేపాల్సిన పని లేదు. మౌంటింగ్ మీద బరువు తేలేంతవరకే. రబ్బరు కాస్త సడలినట్టు కంటికి కనబడుతుంది, అక్కడ ఆపేయండి. వెనకదానికి బండి ముందు భాగం ఎత్తాల్సి వస్తే స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టొద్దు. ‘రెండు నిమిషాలే కదా’ అనిపిస్తుంది, అలా అనిపించినప్పుడే స్టాండు పెట్టండి.

ఒకసారికి ఒక్క మౌంటింగే. అన్నీ వదులు చేసేస్తే ఇంజన్ ఏ పక్కకి పోతుందో మన చేతిలో ఉండదు.

వదులైన బోల్టుని బిగించకండి, పూర్తిగా విప్పి బయటికి తీయండి. ఇది చాలామంది చేయరు. తీశాక మరని వెలుతురులో పెట్టి చూడండి. ఒక చోట మర నలిగి, మెరుస్తూ, అరిగి ఉంటే ఆ బోల్టు ఇక వద్దు. మధ్యలో సన్నబడినట్టు కనిపించినా వద్దు, అది సాగిపోయిన బోల్టు. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లండి. పొడవు, మందం ఒక్కటే చూస్తే చాలదు, మర పిచ్, అంటే ఒక మర చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం, అది కూడా కలవాలి. ఎం10లోనే 1.25 పిచ్, 1.5 పిచ్ రెండూ ఉంటాయి. జపాన్ బండ్లలో ఎక్కువగా కనబడేది 1.25, హార్డ్‌వేర్ షాపులో చేతికిచ్చేది ఎక్కువగా 1.5. రెండు చుట్లు బాగానే వెళ్లి బిగుసుకుంటుంది, ‘కొత్తది కదా, టైటుగా ఉంది’ అనుకుని రాడ్డు వేసి తిప్పితే గేర్‌బాక్స్ అల్యూమినియం మర మొత్తం ఊడొస్తుంది. బోల్టు తల మీద దాని బలం చెప్పే గ్రేడు, 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది, పాతదానికి ఏ అంకె ఉంటే అదే తీసుకోండి. అంకె లేని బోల్టు గేటుకి వాడుకోండి.

బోల్టు దూరే రంధ్రం కూడా చూడండి. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ బ్రాకెట్ చాలాకాలంగా దెబ్బలు తింటోంది, మార్చాలి. గేర్‌బాక్స్ వైపు మర పోయి బోల్టు ఊరికే తిరుగుతుంటే అక్కడితో ఇంటి పని ఆపేయండి. పెద్ద బోల్టు కొట్టి ఎక్కించే ప్రయత్నం చేయొద్దు. ఆ చోట కొత్త మర తీసి హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్ట వేస్తారు, సరిగ్గా వేస్తే పాత మర కన్నా గట్టిగా ఉంటుంది. అది చేయి తిరిగినవాళ్ల పని. బోల్టు లోపలే తెగిపోతే కూడా అంతే.

మర బాగుంటే రంధ్రంలో, బోల్టు మీద ఉన్న జిడ్డు, పొడి అంతా బ్రష్షుతో, కాస్త పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడిచేయండి. పెట్రోల్ వాడేది బయట గాలిలో, సిగరెట్టుకి దూరంగా. ఆరాక మర చివర రెండు చుక్కల నీలం లాకర్. ఎర్రది వద్దు, దాన్ని మళ్లీ విప్పాలంటే కాల్చాలి. నైలాన్ ఉన్న లాక్ నట్టు అయితే లాకర్ అక్కర్లేదు, కొత్త నట్టు వేయండి చాలు.

స్ప్రింగ్ వాషర్ వేస్తే సరిపోతుంది కదా అని మన దగ్గర గట్టి నమ్మకం. 1969లోనే గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ ప్రయోగం చేసి చూపించాడు: బోల్టు వదులయ్యేది పైకీ కిందికీ అదిరినందుకు కాదు, కలిపి బిగించిన రెండు ముక్కలు పక్కలకి జారినందుకు. ఆ జారుడు మొదలైతే స్ప్రింగ్ వాషర్ ఆపలేదు. జారకుండా ఆపేది బోల్టు బిగువు ఒక్కటే. మెలి తిరిగిన రబ్బరు అదే పనిగా పక్కకి లాగుతుంటే ముందు జారుడు, దాని వెనకే వదులు. మీ బండిలో మూడు నెలలుగా జరిగింది అదేనని నా అనుమానం.

అందుకని ఈ పని మొత్తంలో నేను ఎక్కువ చెప్పేది బిగించే వరస గురించే. ఆ మౌంటింగ్‌కి ఉన్న బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి. కనీసం నాలుగైదు చుట్లు వేళ్లతో తిరగాలి. తిరగట్లేదంటే ఇంజన్ సరైన చోట లేదని, జాకీని వెంట్రుకవాసి పైకో కిందికో చేసి చూడండి. గునపంతో తోయాల్సి వస్తే మెల్లగా తోసి, బోల్టు ఎక్కాక గునపం తీసేయండి. అన్నీ వేళ్లతో ఎక్కాక పానాతో బోల్టు తల ఆనేంతవరకే తిప్పండి. ఇక్కడ ఆపండి. జాకీ మెల్లగా దించి ఇంజన్ బరువు పూర్తిగా రబ్బరు మీదికి రానివ్వండి. ఇప్పుడు ఇంజన్‌ని చేతులతో నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊపండి. మెలి ఏమైనా ఉంటే ఈ ఊపుతో విడిపోతుంది, ఇంజన్ తన సహజమైన చోటుకి వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాతే చివరి బిగింపు. బరువు దించకముందే బిగిస్తే షెడ్డులో జరిగిందే ఇంట్లోనూ జరుగుతుంది.

ఆ పక్క మౌంటింగుల బోల్టులు కూడా క్లచ్ పనిలో విప్పి ఉంటారు కాబట్టి, వదులుగా లేకపోయినా, ఒక్కోదాన్ని ఇలాగే సడలించి, ఊపి, మళ్లీ బిగించండి. వదులైనది ఒకటే అయినా మెలి అన్నింటిలోనూ ఉండొచ్చు.

ఎంత బిగించాలి? ఆ బోల్టుకి మీ బండి సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన అంకె ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఒక అంచనా చెప్తాను: 8.8 గ్రేడు ఎం10 బోల్టు 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే 80 నుంచి 85. అల్యూమినియంలోకి వెళ్లే బోల్టుకి ఇంకాస్త తక్కువ వైపే ఉండండి. లాకర్ తడి వల్ల కూడా మర సులువుగా తిరుగుతుంది, అంకె చివరిదాకా పోవాల్సిన పని లేదు. టార్క్ రెంచి లేకపోతే లెక్క ఇలా: పాతిక సెంటీమీటర్ల పొడుగు పానా చివర 20 కిలోల బలంతో లాగితే సుమారు 49 న్యూటన్ మీటర్లు అవుతుంది. 20 కిలోలంటే ఎంతో చేతికి తెలియకపోతే పానాకి తాడు కట్టి సామాను తూచే వేలాడే త్రాసుతో లాగి చూడండి. నవ్వకండి, మా షెడ్డుకి టార్క్ రెంచి రాకముందు నేను అలాగే నేర్చుకున్నాను.

బిగించాక బోల్టు తల మీదనుంచి పక్క ఇనుము మీదికి తెల్ల పెయింటుతోనో, అమ్మాయిల గోళ్ల రంగుతోనో ఒక సన్న గీత గీయండి. ఆ గీత తర్వాత పనికొస్తుంది.

రబ్బరే పోయి ఉంటే కథ వేరు, కానీ చేసే పద్ధతి ఇదే. పాతది తీసి కొత్తది పెట్టి అదే వరసలో బిగించడం. కొత్తది కొనేటప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి: రబ్బరు లోపలి ఆకారం, రంధ్రాల మధ్య దూరం, బాణం గుర్తు ఉంటే అది ఏ వైపుకి అన్నది. వేలితో నొక్కి చూస్తే రాయిలా ఉన్న రబ్బరు తీసుకోకండి. ధర తక్కువగా వస్తుంది, కానీ ఆ మర్నాటినుంచి ఇంజన్ వణుకంతా నేరుగా మీ స్టీరింగ్‌లోకి వస్తుంది. రబ్బరు ఉన్నదే ఆ వణుకుని మింగడానికి.

పాత ట్యూబు ముక్కలు మడిచి మౌంటింగ్ సందుల్లో కుక్కే పద్ధతి మన దగ్గర ఇంకా ఉంది. అద్దాలు అతికించే సీలెంట్ నింపడం కొత్త పద్ధతి. ఊరికి దూరంగా రాత్రిపూట రోడ్డు మీద ఆగిపోతే ఇల్లు చేరడానికి నేను కూడా ట్యూబు కుక్కాను. అమ్మేసే బండికి చేసేవాళ్లు ఉన్నారని కూడా తెలుసు. మీరు రోజూ నడిపే బండికి చేయకండి. చప్పుడు పోతుంది, ఊగడం పోదు, ఊగినంతకాలం సైలెన్సర్ ముందు పైపు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, రేడియేటర్ పైపులు, గేర్ కేబుళ్లు ఆ దెబ్బలు తింటూనే ఉంటాయి.

‘చప్పుడే కదా, నడుస్తోంది కదా’ అని వదిలేసేవాళ్లకి నేను అమెరికా సంగతి ఒకటి చెప్తుంటాను. 1960లలో తయారైన షెవర్లే కార్లలో ఇంజన్ మౌంటింగ్ రబ్బరు విడిపోయి, ఇంజన్ ఒక పక్కకి లేచి, యాక్సిలరేటర్ లింకుని తనే లాగేసేది. 1971 చివర్లో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. వేసిన మందు ఏంటంటే, ఇంజన్ లేవకుండా ఒక ఇనుప తీగ కట్టడం. మీ బండి ఇంజన్ అంత పెద్దదీ కాదు, అలా లేవదు కూడా. కానీ ఇంజన్‌కి తగిలించి ఉన్న ప్రతి కేబులూ, ప్రతి పైపూ దాంతోపాటే కదులుతాయన్నది మీ బండికీ వర్తిస్తుంది. గేర్ రాడ్డు మీ చేతిలో అదిరేది అందుకే.

పని అయ్యాక బ్యాటరీ తగిలించి, చెక్కలు తీసి, సమంగా ఉన్న చోట ఫస్ట్, రివర్స్ రెండూ చూసుకోండి. తర్వాతే మీ ర్యాంపు. అక్కడ రివర్స్‌లో చప్పుడు లేకుండా ఎక్కితే సగం పైగా అయిపోయినట్టే. సిగ్నల్ దగ్గర ఏసీ వణుకు మాత్రం కొంచెం మిగిలితే ఆశ్చర్యపోకండి, థ్రాటిల్ బాడీ మసి పట్టి ఉండొచ్చు, కంప్రెసర్ పడగానే ఇంజన్ ఒక్క క్షణం కుంగుతుంది. అది క్లీనింగ్‌తో పోయేది.

500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బానెట్ ఎత్తి ఆ తెల్ల గీత చూడండి. గీత తిన్నగా ఉంటే పానా పెట్టకండి, మళ్లీ మళ్లీ బిగిస్తే లాకర్ పట్టు విడిపోతుంది. గీత విరిగి బోల్టు మీది ముక్క పక్కకి జరిగి ఉంటే బిగించకుండా ఫోటో తీసి, ఎర్రపొడి ఉంటే అది కూడా కనబడేలా ఇక్కడ పెట్టండి. ఎడమ మౌంటింగ్ బ్రాకెట్ కింది అంచు ఫోటో కూడా ఒకటి కావాలి. అక్కడ వెంట్రుక మందం పగులు ఉందేమో చూడాలి.